అర మిల్లీమీటరు పనితనం

కంప్యూటరును నీళ్లతో చల్లబరిచే ఏర్పాటును చూసినవాళ్ల కళ్లు ముందుగా పంపు మీద, గొట్టాల మీద, రంగు దీపాల మీద పడతాయి. ప్రాసెసర్ దగ్గర పుట్టిన వేడిని చివరికి బయటికి సాగనంపేది మాత్రం రేడియేటరుకు బిగించిన ఫ్యాను. వేడెక్కిన నీరు రేడియేటరులోని చదును గొట్టాల్లో పారుతుంది. ఆ గొట్టాల నడుమ ముడతలు ముడతలుగా మడిచిన పలుచని లోహపు రేకులుంటాయి. ముడతల సందుల్లోంచి గాలి ఆగకుండా వెళ్తేనే నీరు చల్లబడుతుంది. ఈ పనిని చెవికి ఇబ్బంది లేకుండా చేసిపెట్టే ఫ్యాన్లు తక్కువ. వాటిలో మనసారా మెచ్చుకోదగ్గది, ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2018లో మార్కెట్లోకి తెచ్చిన ‘ఎన్ఎఫ్-ఏ12×25’. 120 మిల్లీమీటర్ల చదరం, 25 మిల్లీమీటర్ల మందం, లేత గోధుమ రంగు చట్రం, ముదురు రంగు రెక్కలు తొమ్మిది. పైకి ఇంతే. దీని రూపకల్పనకు నాలుగేళ్లకు పైగా పట్టింది. ఎందుకు పట్టిందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ముందు రేడియేటరు ఫ్యానును ఏం అడుగుతుందో చూద్దాం. దోమల మెష్ బిగించిన కిటికీకి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెడితే అవతలికి వెళ్లే గాలి బాగా పడిపోతుంది, కొంత గాలి పక్కలకు తిరిగి వచ్చేస్తుంది. రేడియేటరు ముందు ఫ్యాను పరిస్థితీ అదే. అంగుళానికి పది రేకులున్న రేడియేటరు గాలిని కాస్త తేలిగ్గానే వదులుతుంది. ఇరవై దాటితే బాగా అడ్డుకుంటుంది. ఆ అడ్డును దాటించే శక్తినే స్థిర పీడనం అంటారు. దీన్ని కొలిచేది నీటి ఎత్తుతో. ఏ12×25 గరిష్ఠ పీడనం 2.34 మిల్లీమీటర్ల నీరు. అంటే పూర్తి వేగంతో తిరిగినా ఈ ఫ్యాను నీటిని రెండు మిల్లీమీటర్లకు కొద్దిగా మించి మాత్రమే ఎత్తగలదు. పాస్కల్స్‌లో చెబితే సుమారు 23. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం లక్ష పాస్కల్స్‌కు పైమాటే. ‘హై ప్రెషర్’ ఫ్యాను చేతిలో ఉన్న ఆస్తి ఇంత చిన్నది. అందుకే అందులో చిటికెడు కూడా వృథా పోకూడదు.

ఇంకో చిక్కుంది. చప్పుడు తగ్గాలంటే వేగం తగ్గించాలి. వేగం తగ్గితే గాలి అదే పాళ్లలో తగ్గుతుంది, పీడనం మాత్రం వేగపు వర్గంతో పడిపోతుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఫ్యానును 1200కు దించామనుకోండి. గాలి 60 శాతం మిగులుతుంది, పీడనం 36 శాతమే మిగులుతుంది. చప్పుడు సుమారు 11 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవికి సగం అయినట్టు వినిపిస్తుంది. నిశ్శబ్దానికీ పీడనానికీ ఇలా సహజంగానే పడదు. వేగం పెంచకుండా పీడనం నిలబెట్టాలంటే ఒక దారి, పుట్టిన పీడనం కారిపోకుండా చూసుకోవడం.

అది కారిపోయేది రెక్క చివర. రెక్క ముందు వైపు గాలి ఒత్తిడి తక్కువ, వెనక వైపు ఎక్కువ. రెక్క కొసకూ చట్రానికీ మధ్యనున్న సందులోంచి గాలి వెనక నుంచి జారి ముందుకు వచ్చేస్తుంది. ఆ జారడంలో చిన్న చిన్న సుడులు పుడతాయి, వాటితో పాటు రొదా పుడుతుంది. మామూలు ఫ్యాన్లలో ఈ సందు మిల్లీమీటరు దాటి ఉంటుంది. ఏ12×25లో అది అర మిల్లీమీటరు. ఫ్యానును వెలుతురుకు ఎత్తిపట్టి, రెక్కలను వేలితో మెల్లగా తిప్పి చూడండి. తొమ్మిది రెక్కల కొసలూ చట్రాన్ని అంటీ అంటనట్టు, ఒకే దూరంలో సాగిపోతాయి. వెలుగు చుట్టూరా సన్నని గీతలా కనబడుతుంది. ఎక్కడా వెడల్పు మారదు.

సందు తగ్గించడం అంత తేలికైతే అందరూ ఎప్పుడో చేసేవారు. పూర్తి వేగంలో రెక్క కొస సెకనుకు దాదాపు 12 మీటర్లు పరుగెడుతుంది. ఆ తిరుగుడు రెక్కను అనుక్షణం బయటికి లాగుతుంటుంది. దానికి వేడి తోడైతే మామూలు ప్లాస్టిక్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది. కొత్తలో అర మిల్లీమీటరు ఉన్న సందు కొన్నాళ్లకు మూసుకుపోయి రెక్క చట్రాన్ని రాసుకునే ప్రమాదం ఉంది. ఆ భయంతోనే తయారీదారులు సందు వదులుతారు. నాక్టువా ఇక్కడ పదార్థాన్నే మార్చింది. లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ అనే గట్టి ప్లాస్టిక్ జాతి ఒకటుంది. వేడికి బహు కొద్దిగా వ్యాకోచిస్తుంది, లాగితే సాగదు, కంపనాన్ని తనలోనే అణచుకుంటుంది. కంపెనీ దాని మీద పనిచేసి ‘స్టెరాక్స్’ పేరుతో ఈ రెక్కలకు వాడింది. రెక్క ఒక్కటే బిగువుగా ఉంటే చాలదు, ఇరుసు ఊగితే ఆ అర మిల్లీమీటరు నిలవదు. అందుకని మోటారు నడిమి భాగానికి లోహపు బలం ఇచ్చారు. బేరింగ్ గూడు కూడా లోహమే. నూనె పొర మీద తేలే ఇరుసును ఒక అయస్కాంతం అదనంగా నిలకడగా పట్టి ఉంచుతుంది. సగటున లక్షా యాభై వేల గంటలు, అంటే 17 ఏళ్లు ఆగకుండా తిరిగినంత ఆయుష్షు దీనికి లెక్కగట్టారు. ఆరేళ్ల వారంటీ ఇచ్చారు.

మిగతా చెక్కుడు పని కూడా ఈ శ్రద్ధతోనే ఉంది. రెక్క పైభాగాన సన్నని గాడులు తీశారు. రెక్క బయటి అంచు దగ్గర గాలి రెక్కను విడిచిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. చట్రం లోపలి గోడ మీద వేలితో తడిమితే తెలిసే చిన్న చిన్న పల్లాలున్నాయి. గాలి లోపలికి దిగే అంచుకు మెట్టు ఉంది. నాలుగు మూలలా మెత్తని దిండ్లు అతికించారు. చట్రానికీ రేడియేటరుకూ మధ్య గాలి పక్కలకు తప్పించుకోకుండా రబ్బరు గాస్కెట్ కూడా పెట్టెలోనే ఇచ్చారు. పీడనం కారిపోయే దారులన్నీ ఒక్కొక్కటిగా వెతికి మూశారు.

చప్పుడు విషయంలో డెసిబెల్స్ సంఖ్యతో సగం మాటే తెలుస్తుంది. పూర్తి వేగంలో 22.6 డెసిబెల్స్ అని కంపెనీ చెబుతుంది. చెవికి ముఖ్యమైనది స్వరం. నిమిషానికి 1200 చుట్లంటే సెకనుకు 20. తొమ్మిది రెక్కలు కాబట్టి సెకనుకు 180 సార్లు రెక్క గాలిని కోస్తుంది. ఆ ఒక్క స్వరమే గట్టిగా వినబడితే గుంయ్‌మనే మోతగా తలకెక్కుతుంది. దాన్ని అణచి, చప్పుడును మెత్తని గాలి హోరుగా పరిచిన ఫ్యాను పక్కన గంటల తరబడి కూర్చున్నా విసుగు రాదు. ఈ ఫ్యాను గొప్ప అక్కడే ఉంది. ఒకే రేడియేటరుకు రెండు మూడు ఫ్యాన్లు బిగిస్తే మరో సమస్య వస్తుంది. కొద్దిపాటి వేగం తేడాతో రెండు స్వరాలు కలిసి ఊగుతూ వినిపిస్తాయి. నాక్టువా 2024లో 140 మిల్లీమీటర్ల ‘ఏ14×25 జీ2’ను తెచ్చినప్పుడు, ఈ ఊగుడు తగ్గేలా కావాలనే ఆ వేగం తేడాను ఇంకాస్త పెంచి జత చేసిన ఫ్యాన్లను కూడా అమ్మకానికి పెట్టింది. ఇంతదాకా ఆలోచించడమే పనితనం.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లూ పక్కన నడిచినవాళ్లూ ఉన్నారు. జపాన్‌కు చెందిన నిడెక్ సర్వో తయారుచేసిన ‘జెంటిల్ టైఫూన్’ రేడియేటర్ల మీద మంచి పేరు తెచ్చుకున్న పాత తరం ఫ్యాను. నాక్టువా వారిదే ‘ఎన్ఎఫ్-ఎఫ్12’ రెక్కల వెనక పదకొండు కదలని పలకలు పెట్టి, తిరుగుతూ వచ్చే గాలిని తిన్నగా రేడియేటరు మీదికి మళ్లించింది. 2021లో వచ్చిన ఫాంటెక్స్ ‘టీ30’ మందాన్ని 25 నుంచి 30 మిల్లీమీటర్లకు పెంచి రెక్కకు ఎక్కువ చోటిచ్చింది. కంప్యూటరు కేసులో ఆ అయిదు మిల్లీమీటర్ల చోటు ఉన్నవాళ్లకు అది నిస్సందేహంగా గట్టి ఎంపిక. ఆర్కిటిక్ ‘పీ12’ ధర వీటి ధరలో సగం కన్నా చాలా తక్కువ, పెట్టె మీద పీడనం 2.2 మిల్లీమీటర్లు. డబ్బు చూసుకునేవాళ్లకు అది మర్యాదైన సరుకు. పెట్టె మీది అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నా చెవికి వినిపించే స్వరం, ఏళ్ల తర్వాతి నిలకడ వేరు వేరుగా ఉంటాయి.

కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. పెట్టె మీది గరిష్ఠ పీడనం గాలి పూర్తిగా ఆగిపోయినప్పటిది, గరిష్ఠ గాలి ఏ అడ్డూ లేనప్పటిది. ఆ రెండూ ఒకేసారి దొరకవు. రేడియేటరు మీద ఫ్యాను ఈ రెంటికీ మధ్యనే ఎక్కడో పనిచేస్తుంది. కాబట్టి మీరు రోజూ భరించగల చప్పుడు దగ్గర, మీ రేడియేటరు మీద నీటి ఉష్ణోగ్రత ఎంతకు వస్తుందో చూపించే పరీక్షలను నమ్మండి. నాలుగు పిన్నుల ఫ్యానే తీసుకోండి. దాని వేగాన్ని నియంత్రించే సంకేతం 25 కిలోహెర్ట్జ్, మన చెవికి అందనిది. వేగాన్ని ప్రాసెసర్ వేడికి ముడిపెట్టకుండా నీటి వేడికి ముడిపెట్టండి. ప్రాసెసర్ వేడి క్షణంలో ఎగిరిపడుతుంది, నీరు నిమిషాల మీద వేడెక్కుతుంది, కాబట్టి ఫ్యాను స్వరం నిలకడగా ఉంటుంది.

మన ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. ఎంత గొప్ప ఫ్యానైనా నీటిని గది ఉష్ణోగ్రత కన్నా కిందికి దించలేదు. గది 40 డిగ్రీలుంటే నీరు ఆ పైనే. ఆ కొద్ది డిగ్రీల తేడాలో పనిచేయాల్సిన మన దగ్గర గాలి కారిపోని ఫ్యాను విలువ ఇంకా ఎక్కువ. రేకుల్లో దుమ్ము పేరుకుంటే అడ్డు పెరిగి ఆ పనితనమంతా వృథా అవుతుంది, కాబట్టి రేడియేటరును క్రమం తప్పకుండా దులపండి.

కంప్యూటరు మారినా ఈ ఫ్యాను మారనక్కర్లేదు. దట్టమైన రేకుల రేడియేటరు ఉండి, పక్కనే కూర్చుని రోజంతా పనిచేసేవారైతే, ఏ12×25కు పెట్టే ప్రతి రూపాయీ న్యాయమైనదే.