దమ్ము బిగపట్టించే విద్య

ఛాతీ ఎక్స్‌రేలో కిరణాలు వెలువడే సమయం కనురెప్ప వాల్చినంత కూడా ఉండదు. దానికి ముందు గడిచే రెండు మూడు నిమిషాలే అసలు పని. రోగిని నిలబెట్టడం, మెడలోవి తీయించడం, చేతులు సర్దడం, ఊపిరి బిగపట్టించడం అన్నీ అప్పుడే జరగాలి. ఆ నిమిషాల్లో ఏం చేయాలో నేర్పేదే రేడియోగ్రఫీ శిక్షణ.

ఆదిలాబాద్ జిల్లా బోథ్ వంటి మండల కేంద్రంలో ఈ శిక్షణ విలువ పట్నంలో కన్నా ఎక్కువ. 2012 నాటి జాతీయ ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రం అంటే 30 పడకల ఆసుపత్రి. మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి ఒకటి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి ఉండాలి. ఆ ప్రమాణాల సిబ్బంది పట్టికలో రేడియోగ్రాఫర్ ఉన్నారు, రేడియాలజిస్టు లేరు. అంటే తీసిన చిత్రాన్ని చూసి చెప్పవలసింది డ్యూటీ డాక్టరే. ఆయనకు అనుమానం వస్తే రోగి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని, 2008లో మొదలైన ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రికి పోవాలి. పత్తి ఏరే రోజుల్లో ఆ ప్రయాణానికి ఒక కూలి పోతుంది, తోడు వచ్చిన మనిషిది మరొకటి. చిత్రం మొదటిసారే సరిగ్గా పడటం ఇక్కడ రోగి కడుపుకు సంబంధించిన విషయం.

తెలంగాణలో ఈ పనికి ప్రధాన మార్గం ఇంటర్ తర్వాత పారామెడికల్ బోర్డు కింద చదివే రెండేళ్ల మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా. చిత్రాన్ని చదివే రేడియాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్ పైన మూడేళ్ల ఎండీ చేయాలి. పాతతరం టెక్నీషియన్లు ఎర్రదీపం వెలుగులో ఫిల్మ్ కడిగి నేర్చుకున్నారు. కిరణాలు ఎక్కువైతే ఫిల్మ్ నల్లబడేది, తక్కువైతే తెల్లగా తేలేది. తప్పు అక్కడికక్కడే కనపడేది. డిజిటల్ యంత్రం ఆ తప్పును దాచేస్తుంది. కిరణాలు అవసరానికి మించినా కంప్యూటర్ వెలుగునీడలను సరిచేసి చక్కని బొమ్మనే చూపిస్తుంది, రోగి శరీరానికి మాత్రం అదనపు మోతాదు చేరుతుంది. అందుకే తెర మీద బొమ్మతో పాటు కనిపించే ఎక్స్‌పోజర్ అంకెను చూసే అలవాటును కొత్తవాళ్లకు మొదటి వారంలోనే నేర్పాలి.

ఛాతీ ఎక్స్‌రే తేలిక అనుకుంటారు గానీ, శిక్షణ గట్టిదా కాదా తేలేది అక్కడే. రోగి ఛాతీ పలకకు ఆనాలి, కిరణాలు వీపు వైపు నుంచి ఆరడుగుల దూరాన రావాలి. గుండె పలకకు దగ్గరగా ఉంటేనే దాని నీడ ఉన్నంత పరిమాణంలో పడుతుంది. లేకపోతే ఆరోగ్యమైన గుండె కూడా పెరిగినట్టు కనిపిస్తుంది. చేతులు నడుము మీద పెట్టించి భుజాలు ముందుకు తోయిస్తే రెక్కఎముకలు ఊపిరితిత్తుల మీద నుంచి పక్కకు జరుగుతాయి. మనిషి ఏమాత్రం పక్కకు తిరిగినా ఒక వైపు ఊపిరితిత్తి నల్లగా, మరో వైపు తెల్లగా కనిపించి లేని జబ్బును చూపుతుంది.

నగల సంగతి వేరే చెప్పాలి. 1895 డిసెంబరులో, ఎక్స్‌రేలను కనుగొన్న రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన ఎక్స్‌రేలోనే ఉంగరం ముద్దగా పడింది. బోథ్ ప్రాంతంలో పూసల దండలు, తాయెత్తులు, వెండి హారాలు వేసుకునేవారు చాలామంది. అల్లిన జడ భుజం మీదికి జారితే ఊపిరితిత్తి పైకొసన మచ్చలా పడుతుంది. క్షయ మచ్చ ఎక్కువగా కనిపించే చోటు కూడా అదే. తాయెత్తు తీయమంటే భయపడే ముసలమ్మకు, తీసిన దాన్ని ఆమె చేతికే ఇచ్చి, పని కాగానే కట్టుకోవచ్చని చెప్పాలి. ఆ మాట చెప్పడం కూడా విద్యలో భాగమే.

అన్నిటికన్నా కష్టమైనది ఊపిరి. నిండా పీల్చి ఆపితేనే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకుంటాయి. సగం ఊపిరితో తీసిన చిత్రంలో కింది భాగాలు మసకబారి న్యుమోనియాలా కనిపిస్తాయి. "గట్టిగ దమ్ము తీస్కో, బిగపట్టు" అంటే తెలుగువారికి అర్థమవుతుంది. కానీ ఈ మండలంలో గోండీ మాట్లాడే గూడేలు, లంబాడా తండాలు ఉన్నాయి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కావడంతో మరాఠీ కూడా వినిపిస్తుంది. భాష రాకపోతే టెక్నీషియన్ తానే ఊపిరి పీల్చి, ఆపి చూపించాలి. ఒకసారి ఉత్తుత్తిగా చేయించాకే మీట నొక్కాలి. ఈ రెండు మాటలు స్థానిక భాషలన్నింటిలో నేర్పడం డిప్లొమా పాఠంలో ఉండాలి. ఖర్చు లేనిది, ఫలం చాలా పెద్దది.

ఎముకలకు సూత్రం చిన్నది. ఒకదానికొకటి అడ్డంగా రెండు కోణాల్లో తీయాలి, పైకీలు, కిందికీలు రెండూ పడాలి. చింతచెట్టు మీద నుంచి పడ్డ పిల్లవాడి ముంజేతి విరుపు ఒక కోణంలో అసలు కనపడకపోవచ్చు.

రక్షణ దగ్గర అంకెలు తెలిసి ఉండాలి. అణుశక్తి నియంత్రణ మండలి ప్రకారం రేడియేషన్ పనివారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకు పరిమితి 1. అందిన మోతాదును కొలవడానికి టెక్నీషియన్ ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి మూడు నెలలకోసారి లెక్కకు వెళుతుంది. దాన్ని సొరుగులో పెట్టి పనిచేస్తే ఆ లెక్క అబద్ధమవుతుంది. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి సీసపు ఏప్రాన్ ఎంత ముఖ్యమో వెనక్కి జరగడమూ అంతే ముఖ్యం. కదిలే బిడ్డను పట్టుకోవలసివస్తే ఏప్రాన్ తొడిగిన తల్లో తండ్రో పట్టుకోవాలి. రోజూ అదే గదిలో ఉండే సిబ్బంది పట్టుకోకూడదు. పిల్లలు పుట్టే వయసు స్త్రీని నెల ఎప్పుడొచ్చిందో అడగాలి. అత్తగారి ఎదుట కాదు, పక్కకు పిలిచి అడగాలి. నలుగురిలో అడిగితే నిజం రాదు.

అల్ట్రాసౌండ్‌లో కిరణాలు ఉండవు, చట్టం మాత్రం ఉంటుంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం యంత్రం ఉన్న చోటు నమోదు కావాలి, ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి.

క్షయ పరీక్షకు ఇప్పుడు చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రాలు, చిత్రాన్ని చదివే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. పదిహేనేళ్లు దాటినవారికి ఆ ప్రోగ్రాముల వాడకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమ్మతించింది. గూడేల దాకా వెళ్లగలిగే ఈ సాధనాలు నిజంగా మేలు చేస్తాయి. కానీ జడ నీడ పడ్డ చిత్రం ప్రోగ్రామునూ తికమక పెట్టగలదు.

చివరి పని చిత్రం మీద రాత. కుడి, ఎడమ గుర్తు తప్పకుండా పడాలి. ఆత్రం, కుమ్ర, మెస్రం ఇంటిపేర్లు ఊరూరా ఉన్న చోట పేరొక్కటే చాలదు. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు, తేదీ రాయాలి. ఫిల్మ్ కవరును ఇంట్లో జాగ్రత్తగా దాచి, మళ్లీ వచ్చినప్పుడు తెమ్మని రోగికి చెప్పి పంపాలి. ఊపిరితిత్తిలో కనిపించే మచ్చ మానిపోయిన పాత క్షయదా, కొత్తగా మొదలైనదా అని తేల్చడానికి డాక్టరు మొదట అడిగేది ఆ పాత ఫిల్మ్‌నే.