సంకేత జనకాల ఎంపిక: ఒక విమర్శనాత్మక పరిశీలన

గత యూనిట్లలో మీరు వర్ధకాలను, వడపోత వలయాలను, ఆసిలోస్కోపును గురించి తెలుసుకున్నారు. ఒక వలయాన్ని పరీక్షించాలంటే దానికి తెలిసిన సంకేతాన్ని ఇవ్వాలి. ఆ పని చేసేది సంకేత జనకం (సిగ్నల్ జనరేటర్). దీనిని ఎంచుకునేటప్పుడు చాలామంది ముందు పలకపై ముద్రించిన గరిష్ఠ పౌనఃపున్యాన్నే చూస్తారు. ఈ కొలబద్ద చాలదని నా అభిప్రాయం. జనకం వల్ల మీ కొలతలోకి ఏ దోషం వస్తుంది, ఆ దోషం మీ ప్రయోగానికి అడ్డమా కాదా అన్నదే అసలు ప్రశ్న. మూడు రకాల జనకాలను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

వీన్ బ్రిడ్జి డోలకం

1939లో హ్యూలెట్-పాకార్డ్ సంస్థ 200ఏ అనే డోలకాన్ని తయారు చేసింది. అందులో విలియం హ్యూలెట్ ఒక చిన్న తంతు దీపాన్ని ఉపయోగించాడు. కంపన పరిమితి పెరిగితే తంతువు వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది. దానితో రుణ పునర్నివేశం ఎక్కువై, వర్ధనం డోలనాలకు అవసరమైన 3 వద్దకు తిరిగి వస్తుంది. అందువల్ల తరంగ శిఖరాలు తెగిపోవు, సైన్ తరంగం శుద్ధంగా ఉంటుంది. దీని లోపాలు కూడా గమనించండి. పౌనఃపున్యాన్ని డయలు గీతలను బట్టే చదవాలి. పౌనఃపున్యం మార్చిన తరువాత కంపన పరిమితి కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది.

ఫంక్షన్ జనరేటర్

ప్రయోగశాల తరగతులలో మీకు ఎక్కువగా కనిపించేది ఇదే. స్థిర విద్యుత్ ప్రవాహంతో కెపాసిటర్‌ను ఆవేశపరచి, అనావేశపరచడం వల్ల త్రిభుజ తరంగం వస్తుంది. పోల్చే వలయం నుండి చతురస్ర తరంగం వస్తుంది. త్రిభుజ తరంగపు మొనలను డయోడ్ల వలయంతో వంచితే సైన్ తరంగాన్ని పోలిన రూపం వస్తుంది. సాధారణ పరికరాలలో దీని విరూపణ సుమారు 1% ఉంటుంది. మీ వర్ధకపు విరూపణ 0.1% అనుకోండి. ఈ జనకంతో కొలిస్తే మీకు దాదాపు 1% కనిపిస్తుంది. అది వర్ధకపు లక్షణం కాదు, జనకపు లక్షణం. అయితే వర్ధనాన్ని గాని, పౌనఃపున్య ప్రతిస్పందనను గాని కొలవడానికి ఈ 1% పెద్ద ఆటంకం కాదు. కాబట్టి పరికరం మంచిదా చెడ్డదా అన్న తీర్పు ప్రయోగాన్ని బట్టి మారుతుంది.

అంకాత్మక సంశ్లేషణ జనకం

ఇందులో తరంగాన్ని అంకెల నుండి నిర్మిస్తారు. ఉదాహరణకు, ఏడి9833 అనే చిప్ 25 మెగాహెర్ట్జ్‌ల గడియారంతో, 28 బిట్ల సంచాయకంతో పనిచేస్తే పౌనఃపున్యాన్ని సుమారు 0.1 హెర్ట్జ్ మెట్లలో మార్చవచ్చు. స్ఫటిక గడియారం వల్ల పౌనఃపున్యం స్థిరంగా ఉంటుంది. కాని గరిష్ఠ పౌనఃపున్యం విషయంలో జాగ్రత్త అవసరం. 8 మెగాహెర్ట్జ్‌ల వద్ద ఒక ఆవర్తనానికి సుమారు మూడు నమూనాలే లభిస్తాయి. వెలువడే దగ్గర సరైన ఫిల్టరు లేకపోతే దానిని శుద్ధమైన సైన్ తరంగం అనలేము. చౌక పరికరాల ప్రకటనలు ఈ సంగతి చెప్పవు.

నిర్గమ అవరోధం

ఇక్కడ పరికరాలనే కాదు, మన ప్రయోగ దీపికలను కూడా విమర్శించాలి. ‘20 మిల్లీవోల్టుల సంకేతాన్ని ఇవ్వండి’ అని రాస్తారు గాని, దానిని ఏ బిందువు వద్ద కొలవాలో చాలాసార్లు రాయరు. జనకపు నిర్గమ అవరోధం 600 ఓమ్‌లు, మీ వర్ధకపు నివేశ నిరోధం 1000 ఓమ్‌లు అనుకోండి. ఏమీ కలపనప్పుడు 20 మిల్లీవోల్టులు ఉన్న సంకేతం, వర్ధకాన్ని కలపగానే 12.5 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. అసలు వర్ధనం 100 అయితే నిర్గమం 1.25 వోల్టులు. దానిని 20 మిల్లీవోల్టులతో భాగిస్తే మీకు 62.5 మాత్రమే వస్తుంది. లెక్క తప్పలేదు, కొలిచిన చోటు తప్పింది. అలాగే 50 ఓమ్‌ల భారానికి 2 వోల్టులని చూపే జనకాన్ని నేరుగా ఆసిలోస్కోపుకు కలిపితే దాదాపు 4 వోల్టులు కనిపిస్తాయి. అందువల్ల వలయాన్ని కలిపిన తరువాతే నివేశ వోల్టేజిని ఆసిలోస్కోపుతో కొలవండి.

ఏది ఎంచుకోవాలి?

డిగ్రీ స్థాయి ప్రయోగాలకు 1 లేదా 2 మెగాహెర్ట్జ్‌ల వరకు పనిచేసి, నిర్గమ అవరోధాన్ని స్పష్టంగా తెలిపే ఫంక్షన్ జనరేటర్ గాని, అంకాత్మక జనకం గాని చాలు. విరూపణ కొలవవలసి వస్తే ఖరీదైన పరికరం కోసం ఆగనక్కరలేదు. 10 కిలోఓమ్‌ల నిరోధాలు రెండు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, ఒక ఆపరేషనల్ వర్ధకం, కంపన పరిమితిని నిలిపే చిన్న దీపం ఉంటే సుమారు 1.59 కిలోహెర్ట్జ్‌ల వీన్ డోలకాన్ని మీరే నిర్మించుకోవచ్చు. రేడియో గ్రాహకాలను సరిచేయాలంటే మాత్రం మాడ్యులన సౌకర్యం, మైక్రోవోల్టుల వరకు తగ్గించే క్షీణకం, మంచి లోహ కవచం ఉన్న రేడియో పౌనఃపున్య జనకం అవసరం. కవచం సరిగా లేకపోతే సంకేతం తీగను తప్పించుకొని నేరుగా గ్రాహకాన్ని చేరుతుంది. అప్పుడు క్షీణకంపై అంకెలకు అర్థం ఉండదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై ఉదాహరణలో 600 ఓమ్‌లకు బదులు 50 ఓమ్‌ల జనకాన్ని వాడితే వర్ధకానికి అందే వోల్టేజి ఎంత? సమాధానం సుమారు 19 మిల్లీవోల్టులు ఎందుకయిందో మీ మాటల్లో రాయండి.