గురుగ్రహాన్ని దిద్దిన చేతులు

ఫొటో చాలా బాగుందని మెచ్చుకుంటాం. ఆ మెప్పులో తీసిన కంటికి ఎంత వాటా, తీశాక కంప్యూటర్ ముందు కూర్చుని దిద్దిన చేతికి ఎంత వాటా? ఔత్సాహికుల్లో ఈ రెండు పనులూ చేసేది సాధారణంగా ఒక్కరే. అందుకే ఆ లెక్క తేలదు. దాన్ని తేల్చి చూపించే చోటు ఒకటుంది. గురుగ్రహం చుట్టూ తిరుగుతున్న జూనో నౌకలో జూనోక్యామ్ అనే కెమెరా ఉంది. అది పంపిన ఫొటోలను నాసా ఏ మెరుగూ పెట్టకుండా, వచ్చినవి వచ్చినట్టే అందరికీ ఇచ్చేస్తుంది. తీసేది ఒకే యంత్రం, దిద్దేది ఎవరైనా కావచ్చు. ముడిసరుకు అందరికీ ఒకటే కాబట్టి చివరికి కనిపించే తేడా అంతా పనితనానిదే. ఎడిటింగ్ నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి బడి నాకు కనిపించలేదు.

జూనో 2011 ఆగస్టు 5న భూమి నుంచి బయల్దేరి 2016 జూలై 4న గురుగ్రహాన్ని చేరింది. గ్రహం గురుత్వాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి దాని లోపల ఏముందో తెలుసుకోవడం నౌక అసలు పని. కెమెరాను మాత్రం ప్రధానంగా జనం కోసమే పెట్టారు. అమెరికాలో శాన్ డియాగోలోని మాలిన్ స్పేస్ సైన్స్ సిస్టమ్స్ దాన్ని తయారుచేసింది. ఆ కెమెరా బాధ్యతలు చూసే శాస్త్రవేత్త క్యాండిస్ హాన్సెన్. వచ్చిన ఫొటోలను తీర్చిదిద్దడానికి పెద్ద బృందాన్ని పెట్టుకోకుండా ఆ పనిని లోకానికే వదిలేశారు. 2017 ఫిబ్రవరి 2న నౌక గ్రహానికి దగ్గరగా వెళ్లినప్పుడైతే, ఏయే దృశ్యాలు తీయాలో కూడా జనం ఓట్లు వేసి నిర్ణయించారు.

ఆ ముడి ఫైలును మొదటిసారి తెరిస్తే గ్రహమే కనిపించదు. ఒకదాని కింద ఒకటి పేర్చిన నలుపు తెలుపు పట్టీలు కనిపిస్తాయి. ఒక్కో పట్టీ వెడల్పు 1,648 పిక్సెళ్లు, ఎత్తు 128 పిక్సెళ్లు. నీలం ఫిల్టర్ గుండా వచ్చినది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, ఎరుపుది ఒకటి, మళ్లీ నీలం... ఇలా వరుస సాగుతుంది. దానికి కారణం నౌక తిరిగే తీరు. జూనో తన చుట్టూ తాను నిమిషానికి రెండు సార్లు తిరుగుతూ ఉంటుంది. సెన్సర్ మీద రంగు ఫిల్టర్లను సన్నని పట్టీలుగా అతికించారు. నౌక తిరుగుతుంటే గ్రహం ఆ పట్టీల ముందు నుంచి జారుతూ పోతుంది. కెమెరా దాన్ని ముక్కలు ముక్కలుగా పట్టుకుంటుంది. ఆ ముక్కల్ని కలిపి మళ్లీ ఒక గోళంగా నిలబెట్టడంతోనే దిద్దేవారి పని మొదలవుతుంది.

ఫొటోషాప్‌లో మూడు లేయర్లు తెరిచి, వాటిని అటూ ఇటూ జరిపి కలిపేస్తే సరిపోదు. గ్రహానికి అతి దగ్గరగా వెళ్లేటప్పుడు జూనో వేగం సెకనుకు దాదాపు 58 కిలోమీటర్లు. రెండు ఎక్స్‌పోజర్ల మధ్య సెకనులో మూడో వంతు గడిచినా ఈలోగా నౌక 20 కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. గ్రహానికి అంత దగ్గరలో ఒక్కో పిక్సెల్‌లో పట్టేది దాదాపు మూడు కిలోమీటర్లు. అంటే ఆరేడు పిక్సెళ్ల తేడా వచ్చేసినట్టే. పైగా నౌక తిరుగుతోంది, కింద గ్రహం కూడా తిరుగుతోంది, అది గుండ్రంగా ఉంది. అందుకే మంచి పనివాళ్లు నాసా ఇచ్చే నౌక గమనం లెక్కలు తీసుకుని, ప్రతి పిక్సెల్ గ్రహం మీద ఏ చోటును చూసిందో లెక్కగట్టి, దాన్ని సరిగ్గా అక్కడే పెడతారు. పోచంపల్లి నేతలో ముందే రంగులద్దిన పోగులు మగ్గం మీద ఎదురెదురుగా సరిగ్గా కలిస్తేనే పువ్వు నిలబడినట్టు, ఇక్కడ మూడు రంగులూ ఒకే చోట వాలితేనే మేఘం మేఘంగా నిలుస్తుంది. లెక్క తప్పితే గ్రహం అంచు వెంట ఒక పక్క ఎరుపు, మరో పక్క నీలం చారలు తేలతాయి. అందుకే ఎవరి పనైనా నేను ముందు అంచు దగ్గరే చూస్తాను.

ఈ లెక్కల్లో ఆరితేరినవారిలో జర్మనీకి చెందిన గణితవేత్త గెరాల్డ్ ఐష్‌స్టాట్ ముఖ్యులు. ఆయన ఈ పనికి సొంతంగా ప్రోగ్రాములు రాసుకున్నారు. జూనోక్యామ్ ఫొటోల ఆధారంగా వచ్చిన పరిశోధన పత్రాల్లో సహరచయితగా ఆయన పేరు కనిపిస్తుంది. ఉద్యోగంగా కాక ఇష్టంతో పట్టుకున్న పని శాస్త్రానికి ఆధారమయ్యే స్థాయికి ఎదిగిందంటే అది ఆ శ్రద్ధకు దక్కిన గౌరవం.

పట్టీలు కలిశాక వెలుగు సంగతి చూడాలి. కెమెరా 12 బిట్లలో కొలిచిన వెలుగును భూమికి పంపేటప్పుడు 8 బిట్లకు కుదిస్తారు. చీకటి వైపు మెట్లు దగ్గర దగ్గరగా, వెలుగు వైపు దూరం దూరంగా ఉండేలా ఆ కుదింపు జరుగుతుంది. దిద్దేవారు ముందు దాన్ని విప్పాలి. విప్పకుండా రంగుల మీద చేయి వేస్తే ఎరుపు, నీలాల నిష్పత్తి మొదటి అడుగులోనే చెడిపోతుంది. ఆ తర్వాత ఎండ సంగతి. గురుగ్రహం మీద పడే ఎండ మనకు అందేదానిలో 27వ వంతు. అది కూడా నడినెత్తిన సూర్యుడున్న చోట ఎక్కువగా, పగలు రాత్రి కలిసే గీత దగ్గర బాగా తక్కువగా ఉంటుంది. మసక వైపున్న మేఘాలు కనిపించాలంటే ఈ ఎగుడుదిగుడు వెలుగును లెక్కగట్టి తీసేయాలి.

అసలు పరీక్ష ఇక్కడే. వెలుగు తేడాను పూర్తిగా తీసేస్తే వివరాలన్నీ కనిపిస్తాయి. గ్రహం మాత్రం గోడకు అతికించిన పటంలా చదునైపోతుంది. తీసేసినదాంట్లో కొంత మళ్లీ కలపాలి. ఎంత కలపాలో ఏ సూత్రమూ చెప్పదు. అది కంటికి తెలియాలి. లండన్ చిత్రకారుడు షాన్ డోరన్ పేరు ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ఐష్‌స్టాట్ లెక్కలతో నిలబెట్టిన చిత్రాన్ని తీసుకుని డోరన్ దాని వెలుగునీడలను, రంగులను, పదునును తీర్చిదిద్దుతారు. వారిద్దరూ కలిసి చేసిన చిత్రాల కింద నాసా, కెమెరా తయారీ సంస్థ వంటివాటి పేర్ల తర్వాత ఈ ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఒకరు ఇచ్చిన చిత్రానికి మరొకరు వన్నె తెచ్చారని ఆ పేర్ల వరుస చూస్తేనే అర్థమవుతుంది.

వాళ్ల పనిలో ఒక చిత్రాన్ని దగ్గరగా చూద్దాం. 2017 అక్టోబర్ 24న, మేఘాల పైన 18,906 కిలోమీటర్ల ఎత్తు నుంచి కెమెరా గ్రహం ఉత్తరార్ధంలోని ఒక మేఘవ్యవస్థను పట్టింది. వీళ్లిద్దరి చేతుల్లో అది నీలిరంగు సుడులుగా తేలింది. ఆ ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్‌లో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పడతాయి. సుడుల మీద చిన్న చిన్న తెల్లని మేఘాలు చుక్కల్లా ఉన్నాయి. వాటిలో కొన్ని నాలుగైదు పిక్సెళ్లకు మించవు. ఆ చుక్కల పక్కనే సన్నని నల్లని నీడలు పడ్డాయి. ఆ తెల్లని మేఘాలు చుట్టుపక్కల వాటికన్నా ఎత్తులో ఉన్నాయని ఆ నీడలే చెబుతున్నాయి. చదునైన తెర మీద లోతు తెలిసిందంటే వాటి వల్లే.

ఆ నీడలు మిగిలి ఉండటమే గొప్ప పనితనం. షార్ప్‌నెస్ కాస్త ఎక్కువ పెంచితే తెల్లని చుక్క చుట్టూ నల్లని అంచు దానంతట అదే పుడుతుంది. చూసేవారికి అదీ నీడలాగే అనిపిస్తుంది. రెంటినీ విడదీసే గుర్తు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ పుట్టించిన అంచు చుక్క చుట్టూ అన్ని వైపులా ఉంటుంది. నిజమైన నీడ సూర్యుడికి అవతలి వైపు ఒక్కచోటే ఉంటుంది. ఈ చిత్రంలో నీడలన్నీ ఒకే దిక్కుకు వాలాయి. పదును పెంచిన చేయి ఎక్కడ ఆగాలో తెలిసిన చేయి.

ఆ నీలం మాటేమిటని అడగవచ్చు. కంటితో చూస్తే గురుగ్రహం అంత నీలంగా ఉండదు. మీగడ రంగు, గోధుమ రంగు కలిసిన మెత్తని ఛాయల్లో కనిపిస్తుంది. మొత్తం మీద పరుచుకున్న ఆ పసుపు ఛాయను వెనక్కి తగ్గించి, మిగిలిన కొద్దిపాటి తేడాలను పెంచితే, ఎరుపు కాస్త తక్కువగా ఉన్న ప్రాంతాలు నీలంగా తేలతాయి. ఆ తేడా ముడి ఫైలులో ఉన్నదే. దాన్ని కంటికి అందేంతగా పెంచారంతే. రంగు పెంచిన చిత్రమని దాని కింద రాస్తారు కూడా. చూసేవారికి ఆ మాట చెప్పినంతకాలం ఈ పనిలో మోసం లేదని నా నమ్మకం.

ఒకే ముడిసరుకు చేతులు మారితే ఏమవుతుందో 2017 జూలైలో లోకమంతా చూసింది. జూలై 10న జూనో గురుగ్రహం మీది పెద్ద ఎర్రమచ్చ అనే తుఫాను మీదుగా 9,000 కిలోమీటర్ల ఎత్తున ప్రయాణించింది. ఆ మచ్చ వెడల్పు 16,350 కిలోమీటర్లు. మన భూమిని అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. రెండు రోజులకే నాసా ఆ చిత్రాలను విడుదల చేసింది. ఐష్‌స్టాట్, జేసన్ మేజర్, కెవిన్ గిల్ ఎవరికి వారు దిద్దిన చిత్రాలను వారి పేర్లతోనే ప్రకటించింది. గిల్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మేజర్ గ్రాఫిక్ డిజైనర్, ఐష్‌స్టాట్ గణితవేత్త. అదే తుఫాను, అదే కెమెరా. ఎక్కడ క్రాప్ చేయాలి, ఎరుపును ఎంత రగిలించాలి, సుడి లోపలి పోగులను ఎంత తేల్చాలి అన్నవి మాత్రం ఎవరి నిర్ణయం వారిది. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవారికి ఎడిటింగ్ అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

2022 సెప్టెంబర్ 29న జూనో గురుగ్రహపు ఉపగ్రహం యూరోపాకు దాదాపు 352 కిలోమీటర్ల దూరంలోకి వెళ్లినప్పుడు మరో చిక్కు ఎదురైంది. ఆ మంచునేల మీది సన్నని గరుకుదనం, కెమెరా నాయిస్ ఒకే పరిమాణంలో ఉంటాయి. నాయిస్‌ను తుడిచేయబోతే నేల నున్నబడుతుంది. అలాగని వివరాన్ని పెంచబోతే లేని గుంతలు లేస్తాయి. ఆ చిత్రాలను దిద్దినవారిలో ఒకరైన నవనీత్ కృష్ణన్ రంగుల మధ్య తేడాను బాగా పెంచి, నేల మీది పెద్ద ఆకృతులు స్పష్టంగా కనిపించేలా దిద్దారు. చిన్న వివరం నమ్మకంగా దొరకని చోట పెద్ద రూపాన్ని పట్టుకోవడం వివేకమైన ఎంపిక.

కెమెరా కూడా అలసిపోయింది. గురుగ్రహం చుట్టూ ఉన్న రేడియేషన్ ఎలక్ట్రానిక్స్‌ను దెబ్బతీస్తుంది. 47వ ప్రదక్షిణ నాటికి చిత్రాల మీద గీతలు, నాయిస్ మొదలయ్యాయి, 56వ ప్రదక్షిణ నాటికి దాదాపు అన్ని చిత్రాలూ పాడయ్యాయి. ఇంజినీర్లు కెమెరాను ఉద్దేశపూర్వకంగా వేడెక్కించి దానికి మళ్లీ ప్రాణం పోశారు. 2023 డిసెంబర్ 30న అది అయో ఉపగ్రహాన్ని 1,500 కిలోమీటర్ల దూరం నుంచి ఫొటోలు తీసింది. దిద్దేవారి ఓర్పు కూడా ఆ ఇంజినీర్ల ఓర్పుకు తీసిపోదు.

వీళ్ల పని చూస్తే మన చేతిలోని ఫోన్‌కు, డీఎస్ఎల్ఆర్‌కు పనికొచ్చే పాఠాలు చాలా దొరుకుతాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచుకోవడం మొదటిది. వెలుగును సరిచేశాకే రంగు జోలికి వెళ్లడం రెండోది. చిత్రాన్ని నూరు శాతానికి పెంచి, అంచుల దగ్గర, నీడల దగ్గర మన పనిని మనమే పరీక్షించుకోవడం మూడోది. పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖం మైనపుబొమ్మలా నున్నగా మారిపోతే, యూరోపా నేల మీద జరగకుండా జాగ్రత్తపడ్డ తప్పు అక్కడ జరిగిందన్నమాట. చర్మం మీది సన్నని గీతలు నాయిస్ కావు, అవి ఆ మనిషివి.

ఈ విద్యకు ఖరీదైన సరంజామా అక్కర్లేదు. జింప్, డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. జూనోక్యామ్ ఫైళ్లూ ఉచితమే. ప్రోగ్రాములు రాయడం రానివారు పట్టీలను ముందే కూర్చి పెట్టిన చిత్రాలతో మొదలుపెట్టవచ్చు. దానికన్నా ముందు ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. మీరు తీసిన ఒక రా (ముడి) ఫైలును ఇద్దరు ముగ్గురు మిత్రులకు ఇచ్చి ఎవరికి వారు దిద్దమనండి, వాళ్లవి మీరు తీసుకోండి. అన్నీ పక్కపక్కన పెట్టి ఎవరు ఏది వదిలారో, ఏది పెంచారో, ఎందుకలా చేశారో ఒకరినొకరు అడగండి. అందులో నచ్చినదాన్ని నలుగురికీ పంపేటప్పుడు, తీసినవారి పేరుతో పాటు దిద్దినవారి పేరు కూడా దాని కింద రాయండి.