దాంపత్యహింస – తెలుగు కథకుని దృష్టి

భర్త భార్యను కొట్టుట తెలుగు కథకు క్రొత్త వస్తువు కాదు. మన కథకులలో పెక్కురు ఆ దెబ్బకు కారణమును కొట్టినవాని స్వభావమునందు వెదకిరి. వాడు త్రాగుబోతు, జూదరి, అనుమానపిశాచి, లేదా తల్లి మాట జవదాటనివాడు. స్వభావము మారెనా, కథ కంచికి చేరును. మారదా, భార్య నూతిపాలగును. ఈ దృష్టి ఎంతవరకు చాలునో పరీక్షించుటకు పుదుచ్చేరి పట్టణము మంచి గీటురాయి. దాంపత్యమునకు శాసనము ఎట్లు ఆకృతి కల్పించునో అచ్చటి చరిత్రలో తేటతెల్లముగా కానవచ్చును.

భర్త భార్యకు రక్షణ యీయవలెను, భార్య భర్తకు విధేయురాలై యుండవలెను అని 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ 213వ అధికరణము విధించెను. 1819లో పుదుచ్చేరి పాలకులు ఆ కోడ్‌ను ప్రవేశపెట్టుచు, స్థానికులను వారి వారి కులాచారములకే విడిచిరి. 1881 సెప్టెంబరు 21 నాటి ఆజ్ఞ వలన, కోరినవారు తమ ఆచారనియమములను త్యజించి కోడ్‌కు లోబడుటకు వీలు కలిగెను. అట్టి త్యాగపత్రము వ్రాసినవారిని 'రెనోన్సాం'లనిరి. ఇట్లు ఒకే వీధిలో ప్రక్కప్రక్క యిండ్లకు రెండు వివాహధర్మము లేర్పడెను. ఒక ఇల్లాలి విధేయతకు పెద్దల మాట ప్రమాణము; రెండవ ఇల్లాలి విధేయతకు అచ్చుపుస్తకము ప్రమాణము. ఆ మగవారి గుణములు ఎట్టివైనను, విధేయత యను మాట మాత్రము రెండిండ్లలోను వారికంటె ముందే కాపురముండెను. ఫ్రాన్సులో భార్య విధేయతావిధి 1938లో రద్దయ్యెను. హిందూ వివాహచట్టము పుదుచ్చేరికి 1963లో వచ్చినప్పుడు సైతము రెనోన్సాంలను వెలుపలనే ఉంచెను.

ఆ పుదుచ్చేరి పాలనలో తెలుగువారి పాలు యానాము. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1929లో పుట్టి 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలయ్యెను. ఫ్రెంచి జెండా క్రింద దానికి చెల్లుబాటు లేదు. గోదావరి మండలమునుండి పెండ్లివారు సరిహద్దు దాటి వచ్చి పసిబిడ్డలకు ముడి వేయించుకొని పోయిరి. ఊరికి 'కల్యాణపుర' మను పేరే వచ్చెను. ఆ పేరులోని చమత్కారము పెద్దలది. అట్లు ముడిపడిన బాలిక కాపురమునకు వచ్చునప్పటికి, మగని వయస్సే ఆమెపై మొదటి అధికారము. చెయి లేవకముందే ఆ ఇంట హింసకు చోటు సిద్ధమైనది.

ఈ వెలుగున 'కన్యాశుల్కము'ను మరల చదువవలెను. 1892లో ప్రదర్శితమై 1909లో పునర్లిఖితమైన ఆ నాటకమున అగ్నిహోత్రావధానుల కోపము ప్రేక్షకులకు నవ్వు పుట్టించును. వెంకమ్మ నూతిలో దూకునది ఆ కోపపు నీడలోనే. నాటకము వెంటనే కరటకశాస్త్రి పన్నుగడ వైపు సాగిపోవును. ప్రేక్షకుడును దానితో సాగిపోవును. కన్య వెలను గురజాడ చూచినంత తీక్ష్ణముగా వేరెవ్వరు చూచిరి? కాని కొనుగోలు ముగిసిన పిమ్మట ఇంటిలో నడచు ఏలుబడి ఆ నాటకమున హాస్యమునకు ఆధారము మాత్రమే అయ్యెను. 1910 నాటి 'దిద్దుబాటు'లో భర్తను ఒక ఉత్తరము దిద్దును. అది చక్కని కథ. అయినను చదువురాని భార్య ఏ ఉత్తరము వ్రాయగలదు?

చలము 'మైదానము' (1927) ఈ ప్రశ్నను మరియొక చోటికి లాగికొని పోయెను. రాజేశ్వరి ప్లీడరు భర్తను, ఇంటిని, కులమును విడిచి అమీరుతో వెళ్ళినది. గోడలు లేవు, అత్తమామలు లేరు, ఆచారము లేదు. ఐనను ఆమె గర్భము ధరించినప్పుడు దానిని ఉంచుటయా తీయుటయా యన్నది అమీరు ఇష్టాయిష్టముల ప్రశ్నయే అయ్యెను. ఇల్లు పోయినను ఏలుబడి వెంట వచ్చినది. విమర్శ చిరకాలము రాజేశ్వరి నీతిపైననే తగవులాడి, ఈ ఘట్టమునకు తగినంత చెవి యొగ్గలేదు. చలము ఉద్దేశము ఏదైనను, ఆయన కథ తన సిద్ధాంతముకంటె ఎక్కువ చెప్పినది.

సమాజశాస్త్రజ్ఞులు ఈ విషయమునకు ఆలస్యముగా వచ్చిరి. 1971లో విలియం గూడ్, కుటుంబమున బలప్రయోగము ధనము, ప్రతిష్ఠ వంటి ఒక సాధనమే యని, చేత తక్కిన సాధనములు లేనివాడు దానికి దిగుననియు వాదించెను. మరే స్ట్రాస్ బృందము దెబ్బలను లెక్కించి, దంపతులలో ఇరువురును చేయిచేసికొందురనెను. 1979లో డొబాష్ దంపతులు దెబ్బ వెనుకనున్న మగవాని అధికారమును మరచిన లెక్క లెక్క కాదనిరి. కోపమున చెలరేగిన కలహము వేరు, ఆలిని అదుపున నుంచుటకై సాగించు నిరంతర భయపాలనము వేరు అని మైకేల్ జాన్సన్ 1995లో విడదీసెను. కథకునకు మిక్కిలి పనికివచ్చునది ఈ విభజనయే. రంగనాయకమ్మ 'బలిపీఠము'లో కులాహంకారమున భర్తను నొప్పించునది భార్య అరుణ. ఆమె మాటలు గాయములే. ఆమె చేతిలోని బలము కులము. అది ఆమె పుట్టింటినుండి తెచ్చుకొన్నది, దాంపత్యము ఇచ్చినది కాదు. ఆ నవలపై వాదించువారు ఈ భేదమును పాటింపకున్నచో అరుణను తిట్టుటతోనే తృప్తిపడవలసి వచ్చును.

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టుటకు ఏదో యొక కారణము న్యాయమేయని ఒప్పుకొన్న స్త్రీలు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి ఇంచుమించు 84 మంది. అత్తమామలను గౌరవింపకుండుట, ఇంటిని పిల్లలను అశ్రద్ధ చేయుట అట్టి కారణములలోనివి. ఈ అంకెను పాత్రల నోట పలికించిన అది కథ కాదు, ఉపన్యాసము. కాని దెబ్బ చప్పుడు విని వంటింటి తలుపు దగ్గరగా వేసికొనిన ప్రక్కింటామె ఈ అంకెలోనిదే. మన కథలలో కొట్టినవాడు కలడు, దెబ్బ తిన్నది కలదు. ఆ తలుపు వేసికొనిన మనిషి కానరాదు.

2006 అక్టోబరు 26న అమలునకు వచ్చిన గృహహింస చట్టము మతాచారభేదము లేక స్త్రీకి కాపురమున్న ఇంటనే నివసించు హక్కు నిచ్చినది. అవసరమైనచో భర్తనే వెలుపలికి పంపు అధికారము న్యాయస్థానమునకు ఒసగినది. పుదుచ్చేరి వీధిలోని ఆ రెండిండ్లకును ఇది ఒక్కటే. తెలుగు కథ మాత్రము ఇంకను ఎక్కువగా గడపవద్దనే ముగియుచున్నది: ఆమె గడప దాటును, లేదా తిరిగి లోనికి పోవును. మగడు వెడలిపోయిన ఇంట మరునాటి ఉదయము ఆమె పాలవానితో ఏమి పలుకునో, పిల్లవాడు తండ్రి ఏడని అడిగిన ఏమి చెప్పునో, ఆ ప్రక్కింటామె తలుపు తెరచునో లేదో మన కథలలో అరుదుగానే కానవచ్చును.