ఆర్గను వాయించువాడు మొదట వినవలెను



పిల్లనగ్రోవియైనను వీణయైనను స్వరములలో భేదము తెలియునట్లు మ్రోగనియెడల, వాయించినదేదో వినువారికి ఎట్లు తెలియునని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమువారిని అడిగెను (1 కొరింథీ 14:7). ఆ ప్రశ్న మన సంఘములకును తగినదే. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట పట్టణములలోనేగాక చుట్టుపట్ల పల్లెలలో కూడ హార్మోనియం పెట్టె మూలకు చేరుచు, దాని స్థానమున కరెంటుతో మ్రోగు వాద్యము వచ్చుచున్నది. దానియెదుట కూర్చుండువారు చాలమట్టుకు పియానో పద్ధతిని నేర్చిన యౌవనులు. వారి ఆసక్తిని బట్టి దేవునికి స్తోత్రము. అయితే వారి వాద్యము సంఘపు పాటకు మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా అని విమర్శించుట కూడ ప్రేమతో చేయదగిన పనియే.

మొదట పాత పెట్టె సంగతి చూతము. అమెరికను బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూరునందును, 1879లో హనుమకొండయందును తమ పని స్థాపించిరి. మిషనెరీల ద్వారా మన దేశమునకు వచ్చినది కాళ్లతో తిత్తి త్రొక్కి, రెండు చేతులతో వాయించు హార్మోనియము. దానికి ఆ పేరు పెట్టి 1842లో హక్కుపత్రము పొందినవాడు పారిసు నివాసియైన అలెగ్జాండర్ డెబేన్. నేలమీద కూర్చుండి పాడు మన అలవాటునకు తగినట్లు దానిని చేతిపెట్టెగా మార్చిన ఘనత కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్‌కు చెందుచున్నది. గమకము పలుకని ఈ పెట్టె మన సంగీతమును చెరుపునని ఎంచి ఆకాశవాణివారు 1940లో దానిని నిషేధించి, 1971లో గాని ఆ కట్టు సడలింపలేదు. పల్లె సంఘములు మాత్రము దానిని ఎన్నడును విడువలేదు.

ఎందుకు విడువలేదు? చేతిపెట్టెలో ఒక చెయ్యి తిత్తిని నడుపును. పాట వాయించుటకు ఒక్క చెయ్యియే మిగులును. కాబట్టి వాయించువాడు పాట వరుసను మాత్రమే పలికించెను. దానిపై వేరొక బరువు మోపలేకపోయెను. ఆ పెట్టె పేదరికమే మన కీర్తనలకు కాపుదలయైనది. మరియొకటి, తిత్తికి గాలి కావలెను. గాలి తీయుటకు సమయము కావలెను. పెట్టె ఊపిరి తీసినప్పుడు సంఘమును ఊపిరి తీసెను.

ఇక విద్యుత్ ఆర్గను సంగతి. అమెరికాలో చికాగో పట్టణమున లారెన్స్ హామండ్ అను యంత్రనిపుణుడు 1934లో దానికి హక్కుపత్రము పొంది, 1935లో దానిని లోకమునకు చూపెను. అందులో గొట్టములు లేవు, తిత్తి లేదు. అంచున పండ్లున్న లోహపు చక్రములు అయస్కాంతముల ప్రక్కన తిరుగుచుండగా తీగచుట్టలలో పుట్టిన విద్యుత్తు స్పీకరునందు నాదమగును. అట్టి చక్రములు 91. చేతులకు ఒక్కొక్క వరుసకు 61 మెట్లుగా రెండు వరుసలు. పాదములకు 25 మెట్లు. గొట్టముల ఆర్గను కొనలేని దేవాలయములు దీనిని సంతోషముగా కొన్నవి. అయితే ఇది గొట్టముల ఆర్గనుతో అన్ని విధముల సమానమన్నట్లు చేసిన ప్రకటనలలో కొన్నిటిని మానుమని అక్కడి వాణిజ్య సంఘము 1938లో ఆ కంపెనీని ఆజ్ఞాపించెను. ఒక వాద్యము తాను కానిదానివలె నటించుట ఆనాడే తప్పుగా ఎంచబడినది. నేడు మన సంఘములలో ఉన్నవి చాలమట్టుకు ఆ ఆర్గనులు కావు. వందలకొలది నాదములు గల కీబోర్డులే. ఆర్గను నాదము వాటిలో ఒకటి. అయినను ఆ నాదము ఎన్నుకొన్న క్షణమునుండి ఆర్గను నియమములే వర్తించును. పియానో నియమములు వర్తింపవు.

ఈ మాట నేను పుస్తకములో చదివి వ్రాయుటలేదు. నేను బాల్యమున పియానో నేర్చినవాడను. పెద్ద పెట్టె తెచ్చిన ఒక సంఘములో మొదటి ఆదివారము వాయించుటకు నన్ను పిలిచిరి. ఎడమచేతితో బరువైన స్వరములు, కుడిచేతితో వేగమైన మెరుపులు, పాదముక్రింద పెడలు: నాకు వచ్చినదంతయు ఆ గంటలో చూపితిని. ఆరాధన ముగిసినమీదట యౌవనులు నా భుజము తట్టిరి. తలుపు దగ్గర చెప్పులు తొడుగుకొనుచున్న ఒక అవ్వ మాత్రము నా ముఖము చూచి, “బిడ్డా, నీ పెట్టె మస్తుగ మోగింది. గని మా పాట మాకే ఇనబడలే” అనెను. ఆమె చదువు రానిది. కీర్తనల పుస్తకము తెరువకుండ అన్ని చరణములు పాడగలది. ఆ దినమున ఆమె రెండవ చరణముతోనే నోరు మూసికొన్నదని ఆమె ప్రక్కన కూర్చున్నవారు తరువాత నాతో చెప్పిరి.

అవ్వ తీర్పు న్యాయమైనది. నా తప్పులేవో తెలిసికొనుటకు నాకు చాల దినములు పట్టెను. అవి నావి మాత్రమే కావు గనుక ఇక్కడ వరుసగా చెప్పుచున్నాను.

మొదటి తప్పు, నాదము ఎట్లు పుట్టి ఎట్లు చచ్చునో ఎరుగకపోవుట. పియానోలో సుత్తె తీగను కొట్టును. కొట్టిన వెంటనే నాదము తగ్గిపోవుచుండును. అందుచేత పియానో నేర్చినవాడు పాదపు పెడలుతో స్వరములను కలుపుకొనును. ఆర్గనులో మెట్టుమీద వ్రేలున్నంతసేపు నాదము తగ్గక నిలుచును, వ్రేలు తీసిన క్షణమున ఆగిపోవును. కాబట్టి కలుపవలసినది వ్రేళ్లే. ఒక మెట్టును ఒక వ్రేలితో పట్టియుండగనే దానిమీదనే వేరొక వ్రేలిని మార్చి, మొదటి వ్రేలిని తరువాతి స్వరమునకు విడిపించుట నేర్వవలెను. ఇది నేర్వక పియానో పెడలుమీదనే ఆనుకొన్నయెడల స్వరములన్నియు ఒకదానిమీద ఒకటి పడి బురదనీరువలె కలిసిపోవును.

రెండవది, బలముతో కొట్టుట. పియానోలో గట్టిగా కొట్టినయెడల గట్టిగా పలుకును. ఆర్గనులో ఎంత కొట్టినను నాదము పెరుగదు. నాదమును పెంచునది కుడిపాదము క్రిందనున్న వేరొక త్రొక్కుడు. కొందరు దానిని ఊయలవలె ప్రతి మాటకును ఊపుదురు. అది భక్తి కాదు, అలవాటు. ఒక చరణమునకు ఒక స్థాయి చాలును.

మూడవది, ఒకే స్వరము మరల మరల వచ్చుచోట. పియానోలో ప్రతి దెబ్బ వినబడును. ఆర్గనులో మెట్టును సగము సమయమైన విడువనిచో నాలుగు మాటలు ఒక్క మాటగా అంటుకొనును. మన కీర్తనలలో ఒక్క స్వరముమీద అనేక అక్షరములు నడచుచుండును గదా! అక్కడ పాట వరుసను స్పష్టముగా విడదీసి, క్రింది స్వరములను మాత్రము నిలిపియుంచినయెడల అక్షరములు తేటగా వినబడును.

నాలుగవది, బరువు. పాదపు మెట్లున్న ఆర్గనులో క్రింది స్వరము పాదములది. దానినే ఎడమచెయ్యి కూడ వాయించుచుండిన ఆ గర్జనలో మగవారి గొంతు మునిగిపోవును. పాదములు లేని కీబోర్డులో సహితము ఎడమచెయ్యి ఎనిమిది స్వరముల దూరము చాపి కొట్టనక్కరలేదు.

అయిదవదియే అన్నిటికంటె పెద్దది: ఊపిరి. కరెంటు వాద్యమునకు ఊపిరి అక్కరలేదు. గనుక వాయించువాడే దానికి ఊపిరి నేర్పవలెను. పాదము ముగిసినచోట చేతులెత్తవలెను. చరణమునకును చరణమునకును నడుమ తాళము చెడకుండ, ఒక ముసలివాడు గాలి తీయునంతసేపు నిలువవలెను. దీనికి ఒక్కటే ఉపాయము: వాయించువాడు తానును పాడుట. పాడనివానికి సంఘము ఎక్కడ అలయునో తెలియదు.

ఇంతవరకు చేతిపనిని గూర్చి చెప్పితిని. ఇంతకంటె లోతైన సంగతి మన కీర్తనలది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. అనేక కీర్తనల తలపై రాగము, తాళము అచ్చువేసియున్నవి. పురుషోత్తము చౌధరిగారు (1803–1890) మొదలైన మన పూర్వులు పడమటి రాగములను అరువు తెచ్చుకొని ఊరకుండలేదు. తాము పుట్టిన దేశపు రాగములలోనే రక్షకుని కొనియాడిరి. పడమటి పాట నాలుగు గొంతులకు కూర్చబడినది. దానికి కార్డ్స్ అని పిలువబడు స్వరముల కూర్పు సహజము. మన కీర్తన ఒక్క వరుసమీద నడచును. దాని సొగసు స్వరమునుండి స్వరమునకు జారుటలోను, పల్లవికి తిరిగివచ్చుటలోను ఉన్నది. దానిక్రింద ప్రతి మాటకును మూడు స్వరముల బరువు పెట్టినయెడల రాగము విరుగును. ఒక్క షడ్జమమును, దాని పంచమమును మెత్తగా నిలిపియుంచి, పైన పాట వరుసను మాత్రము పలికించి చూడుడి. ఆర్గనునకు ఉన్న గొప్ప వరము నిలుపుటయే. శ్రుతిపెట్టె చేయు పనినే అది చేయును. ఇక్కడ ఆర్గను పియానోకంటె మన కీర్తనకు మిక్కిలి దగ్గర చుట్టము. దీనిని గ్రహింపక దానిచేత పియానో పని చేయించుట, ఎద్దును విడిచి బండిని కొట్టుటవంటిది.

ఈ విషయమందు మన ప్రాంతమునందే రాతితో కట్టిన సాక్ష్యమున్నది. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనున్న డోర్నకల్లులో, భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషపుగా 1912లో అభిషేకము పొందిన వి. యస్. అజరయ్యగారు కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. ఇంగ్లండులోని గుడిని దించి తెచ్చుటకు బదులు మన దేశపు స్తంభములను, గుమ్మటములను అందులో కూర్చిరి. వచ్చిన విశ్వాసము ఒకటే. అది తొడుగుకొన్న వస్త్రము ఈ నేలది. రాతితో వారు చేసినది నాదముతో మనము చేయలేమా?

ఇంత కష్టమెందుకు, డప్పు, చిరుతలు, తాళములు చాలవా అని కొందరు పెద్దలు అడుగుదురు. చాలును. వాటితో పాడిన సంఘములు దేవునికి దూరమైయుండలేదు. కీర్తనకారుడు తీగవాద్యములను, పిల్లనగ్రోవిని, తాళములను కలిపియే పిలిచెను (కీర్తన 150). కాబట్టి ఒకదానిని తెచ్చుటకు మరియొకదానిని వెళ్లగొట్టనక్కరలేదు. అయితే కీబోర్డులోని తాళపు బొత్తామును నొక్కి, డప్పు వాయించు సహోదరుని ఇంట కూర్చుండబెట్టుట నాకు సమ్మతము కాదు. ఆ బొత్తాము సంఘముకొరకు ఆగదు. ఆ సహోదరుడు ఆగును.

ఒక పరీక్ష చెప్పెదను. మన పల్లెలలో ఆరాధన మధ్యను కరెంటు పోవుట క్రొత్త కాదు. అట్లు పోయినప్పుడు పాట ఏమగుచున్నదో గమనింపుడి. పెట్టెతోకూడ పాట ఆగిపోయినయెడల, అంతవరకు పాడినది పెట్టెయే గాని సంఘము కాదు. పెట్టె ఆగినను పాట ఆగక సాగినయెడల, వాయించువాడు తన పని చక్కగా చేసియున్నాడు. ఈ పరీక్షలో నేను ఒకప్పుడు ఓడిపోయితిని. అవ్వ మాట విన్న కొన్ని నెలలకు గాని గెలువలేదు.

నేర్చుకొను యౌవనులకు నా మనవి ఇది. మొదటి వారములలో ఎడమచేతిని ఒడిలో పెట్టుకొని కీర్తన వరుసను మాత్రము వ్రేళ్లతో కలిపి వాయింపుడి. పిమ్మట నిలుచు శ్రుతిని చేర్పుడి. పాదపు మెట్లుండినయెడల కన్నులతో చూడక పాదములతోనే వెదకుట నేర్వుడి. పియానో పరీక్షలలో నెగ్గిన మీ వ్రేళ్లవేగము వ్యర్థము కాదు. దానిని అణచుకొనుటయే క్రొత్త పాఠము. నెలకొక ఆదివారము వేరొకనిచేత వాయింపజేసి, మీరు వెనుకవరుసలో ముసలివారి ప్రక్కన కూర్చుండి వినుడి.

సంఘపెద్దలకును ఒక మాట. ఇంకను పెద్ద పెట్టె కొనుటకు చందాలు ఎత్తుటకు ముందు, ఉన్న పెట్టెను నేర్పించుటకు కొంత సొమ్ము వేరుపరచుడి. స్పీకరును సంఘముమీదికి త్రిప్పి పెట్టకుడి. పాట శ్రుతిని యౌవనుల గొంతుకు గాక అందరి గొంతుకు అందునట్లు దించుడి.

సొలొమోను మందిరమును ప్రతిష్ఠించిన దినమున బూరలు ఊదువారును పాడువారును ఏకస్వరముగా వినబడినప్పుడే ఆ మందిరము మేఘముతో నిండెనని వ్రాయబడియున్నది (2 దినవృత్తాంతములు 5:13). బూర గెలిచినప్పుడు కాదు, బూరయు గొంతును ఒక్కటైనప్పుడు. క్రీస్తు హెచ్చవలెననియు తాను తగ్గవలెననియు బాప్తిస్మమిచ్చు యోహాను ఒప్పుకొనెను (యోహాను 3:30). ఆ మాట ఆర్గను మెట్లమీద చేతులుంచు ప్రతివానికి మొదటి పాఠము. మన వాద్యము తగ్గినకొలది అవ్వ గొంతు హెచ్చును. ఆ గొంతులోని స్తోత్రమును వినుటకే దేవుడు ఆ గుడిసెలోనికైనను వచ్చును. ఆమేన్.