సి.టి. పరీక్ష - జన్యువుల స్పందన

గుండెను, దాని రక్తనాళాలను చూపే సి.టి. పరీక్షలో ఎక్స్‌ కిరణాలు రోగి శరీరంగుండా పోతాయి. వాటి ప్రభావాన్ని జన్యువుల పనిలో వెదకిన పరిశోధన ఒకటి 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం నుండి వెలువడింది. 67 మంది రోగుల రక్తాన్ని పరీక్షకు ముందు, తరువాత తీసి పోల్చారు. తెల్లరక్తకణాలలో డి.ఎన్‌.ఎ. దెబ్బతిన్నట్లు, దానిని బాగుచేసే జన్యువులు చురుకైనట్లు, కొన్ని కణాలు నశించినట్లు తేలింది.

గాజుపాత్రలో పెంచిన కణాలను గాక రోగులనే పరిశీలించడం ఈ పరిశోధనలోని సుగుణం. ఎవరి రక్తానికి వారి రక్తమే కొలబద్ద అయింది.

కాని, దీనినిబట్టి సి.టి. వల్ల జన్యువులే మారిపోతాయనుకోవడం తొందరపాటు. జన్యువు మారడం వేరు. అది పనిచేసే జోరు మారడం వేరు. ఇల్లంటుకొన్నప్పుడు బిందెలతో పరుగెత్తేవారే నిప్పు పెట్టారనగలమా? నిప్పు పుట్టిందని మాత్రం వారి పరుగు చెబుతుంది.

పరిశోధనకు పరిమితులూ ఉన్నాయి. చూసినది రక్తకణాలను, అదీ కొద్దికాలమే. ఏళ్ల తరువాత కాన్సరు వస్తుందా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. 7.5 మిల్లీసీవర్టుల లోపు మోతాదు పొందినవారిలో డి.ఎన్‌.ఎ. దెబ్బ కనబడలేదు. ప్రకృతినుండి మనకు ఏటా సగటున అందేది 2.4 మిల్లీసీవర్టులు. అయినా కనబడకపోవడం, లేకపోవడం ఒకటి కావు. కొలిచే సాధనానికి అందనిదీ ఉండవచ్చు.

కనుక అవసరమైన పరీక్షను భయంతో మానరాదు. అనవసరమైనదానిని కోరి చేయించుకోరాదు. చేసేటప్పుడు మోతాదును వీలైనంత తగ్గించడమే ఈ ఫలితాలు సమర్థించే మార్గం.