ఆకాశరామన్న చేతిలో సెల్‌ఫోన్

పోయిన కార్తీకమాసంలో మా అవ్వనూ, మా చిన్నాన్న మనవరాలినీ తీసుకుని మహానంది వెళ్లాను. నల్లమల కొండల అడుగున, అరటితోటల మధ్య ఊరు. కోనేట్లో నీళ్లు ఊరుతూనే ఉంటాయి. అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనిపించేటంత తేట నీళ్లు. స్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కుతున్న మా పిల్లను ఎవరో సెల్‌ఫోన్‌లో ఫోటో తీశారు. రెండు రోజుల తర్వాత అది ఆమె ఇంటర్ క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక వెకిలి మాటతో సహా ప్రత్యక్షమైంది. ఇంట్లో తెలిసిన సాయంత్రమే ఆమె ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. తర్వాత, కాలేజీ మాన్పించాలా వద్దా అని పెద్దవాళ్లు రాత్రంతా మాట్లాడుకున్నారు.

"చెప్పకుండా ఉండింటే బాగుండేది అత్తా" అంది ఆ పిల్ల నాతో. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

ఆ మాట నన్ను ఒక పరిశోధన దగ్గరికి తీసుకుపోయింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో బాలలపై జరిగే నేరాలను అధ్యయనం చేసే కేంద్రం ఒకటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కింబర్లీ మిచెల్, ఆమె సహపరిశోధకులు డేవిడ్ ఫింకెల్‌హార్, జానిస్ వోలాక్ అక్కడ 10 నుంచి 17 ఏళ్ల పిల్లల ఇంటర్నెట్ అనుభవాలపై మూడు సర్వేలు చేశారు: 1999-2000లో, 2005లో, 2010లో. ఒక్కోసారి సుమారు 1500 మంది పిల్లలతో ఫోన్‌లో మాట్లాడారు. నా చదువు సాహిత్యం. పట్టికలను కూడా కథలు చదివినట్టే చదువుతాను. ఇందులో ప్రతినాయకుడెవరు, మాట్లాడుతున్నదెవరు, ఎవరి మాట వినపడటం లేదు అని చూస్తాను.

ఇంటర్నెట్ గురించి మనకందరూ చెప్పే కథ ఒకటే. ఎక్కడో ఒక ముసుగు మనిషి ఉంటాడు. చిన్నవాడిలా నటించి, అమాయకురాలైన పిల్ల పేరూ ఊరూ కనుక్కుని ఎత్తుకుపోతాడు. ఇది బూచాడి కథ. ఈ పరిశోధకులు దాన్ని తలకిందులు చేశారు. వద్దన్నా లైంగికంగా మాట్లాడమనో, ప్రవర్తించమనో ఒత్తిడి ఎదుర్కొన్నామని చెప్పిన పిల్లలు మొదటి సర్వేలో నూటికి 19 మంది. అది 2005లో 13కూ, 2010లో 9కీ తగ్గింది. అదే కాలంలో బెదిరింపులు, అవమానాలు, నలుగురూ చూసేలా పెట్టిన రాతలు, అంటే వేధింపు, 6 నుంచి 9కీ, 9 నుంచి 11కీ పెరిగింది. వేధింపుకు గురైనవాళ్లలో ఆడపిల్లల వాటా కూడా పెరిగింది. బూచాడు తగ్గుతుంటే పక్క బెంచీవాడు పెరిగాడన్నమాట. పెద్దవాళ్లు నేరం చేసిన సందర్భాల్లో కూడా చాలామంది తమ వయసు దాచలేదనీ, నమ్మకం సంపాదించుకునే దగ్గరయ్యారనీ 2008లో వాళ్లు రాసిన వ్యాసం చెప్పింది. పేరో ఊరో చెప్పినంత మాత్రాన ప్రమాదం ముంచుకు రాదని అంతకు ముందే మరో అధ్యయనం తేల్చింది. తర్వాత ఇంకో మాట కూడా తేలింది. ఇంటర్నెట్‌లో వేధింపు పడ్డ పిల్లల్లో దాదాపు అందరూ బయట, ఇంట్లోనో బడిలోనో, ఏదో ఒక హింసకు గురైనవాళ్లే. తెర మీద జరిగేది తెర బయట జరిగేదానికి కొనసాగింపు.

నాకు ఇది కొత్త సంగతి కాదు. 2008లో నేను నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఆర్కుట్ చూసేవాళ్లం. ఒకరోజు అందులో నా పేరుతో, కాలేజీ గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన నా మొహంతో ఇంకో నేను కనిపించాను. కింద మా పక్కింటి ఫోన్ నంబరు. వారం రోజులు ఆ ఇంటికి ఎవరెవరో ఫోన్ చేశారు. ఆ పని చేసిందెవరో ఆరు నెలలకు తెలిసింది. పరీక్షల ముందు నా దగ్గర నోట్సు తీసుకున్న సహాధ్యాయి. ఆ నోట్సు తిరిగివ్వడానికి ఇంటికొచ్చి మా అమ్మ చేతి కాఫీ తాగిపోయిన మనిషి. ఆర్కుట్ 2014లో మూతపడింది. ఆ కాఫీ గ్లాసు మాత్రం నాకింకా గుర్తుంది.

మన భాషలో దీనికి పాత పేరుంది, ఆకాశరామన్న. ఊరూ పేరూ లేని ఉత్తరం రాసి పెళ్లిళ్లు చెడగొట్టేవాడు. ఆ ఉత్తరం ఆకాశం నుంచి ఊడిపడదని ఊళ్లో అందరికీ తెలుసు. పిల్ల ఏ దారిన బడికి పోతుందో, ఎవరితో నవ్వుతుందో తెలిసినవాడే రాయగలడు. అయినా ఉత్తరం వచ్చాక "ఎవడు రాశాడు" అన్న ప్రశ్న కన్నా "ఈ పిల్ల ఏం చేసింది" అన్న ప్రశ్నే ముందు పుట్టేది. ఆకాశరామన్న బలం పేరు దాచుకోవడంలో లేదు. తను రాసింది చదివి ఇల్లే ఆ పిల్లను శిక్షిస్తుందన్న ధీమాలో ఉంది. వాట్సాప్‌లో ఫోటో పెట్టినవాడిదీ అదే ధీమా.

నీళ్లలో ఉన్న ఆడవాళ్లను చాటుగా చూడటం మనకు లీల కూడా. గోపికా వస్త్రాపహరణాన్ని భక్తిగా, తత్వంగా వ్యాఖ్యానించిన పండితులను నేను ఎంఏలో శ్రద్ధగా చదివాను. బట్టలు జీవుడి అహంకారమనీ, చేతులెత్తడం శరణాగతి అనీ. ఆ అర్థాన్ని కాదనను. కానీ ఒడ్డుకు రావడానికి ముందు ఆ నీళ్లలో వణుకుతున్న గోపిక వైపు నుంచి ఎవరూ ఎందుకు వ్యాఖ్యానం రాయలేదన్నది నా ప్రశ్న. కవిత్వంలో స్త్రీలు తమ శరీరం గురించి తామే రాస్తే మాత్రం అది నీలి కవిత్వమైంది. చూసే హక్కు ఒకరిది, సిగ్గుపడే బాధ్యత ఇంకొకరిది.

చట్టం కూడా ఈ చూపుకు దూరంగా లేదు. 2013 సవరణ తర్వాత స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై నిఘా వేయడం వెంటాడటమనే నేరంలో చేరింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. చాటుగా ఫోటో తీయడం 77. కానీ అది వర్తించాలంటే, తననెవరూ చూడరని ఆ స్త్రీ అనుకోదగిన చోట జరిగి ఉండాలి. వందమంది మునిగే కోనేరు అలాంటి చోటేనా? ఐటీ చట్టం 66ఈ చూసినా శరీరంలో ఫలానా భాగాలు అని లెక్కపెడుతుంది. నిండుగా లంగా ఓణీ కట్టుకుని తడిసిన పిల్ల ఆ లెక్కలో ఎక్కడుంది? చివరికి మిగిలేది స్త్రీ మర్యాదకు భంగం అనే పాత సెక్షనే, ఇప్పుడు 79. మర్యాద అన్న మాట అక్కడ ఉన్నంతవరకూ, ఆ పిల్ల మర్యాదస్తురాలేనా అని స్టేషన్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

ఇక ఆ పరిశోధనతో నా పేచీ. మొదటి సర్వేలో లైంగిక ఒత్తిడి ఎదుర్కొన్న పిల్లల్లో సుమారు సగంమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ మౌనాన్ని పరిశోధకులు లెక్కపెట్టారు, ఆందోళన పడ్డారు, పెద్దలతో చెప్పమని పిల్లలకు నేర్పాలన్నారు. నిజమే. కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఇంటికి ఫోన్ చేసి అడిగే పద్ధతి, ఇల్లు పిల్ల పక్షాన ఉంటుందన్న నమ్మకం మీద నిలబడి ఉంది. ఇక్కడ ఆ నమ్మకం ఎంత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21, పురుషులు దాదాపు 49. చాలా ఇళ్లల్లో ఆడపిల్ల చేతికి ఫోన్ అన్నదో నాన్నదో, అడిగి తీసుకున్నది. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మా పిల్ల "చెప్పకుండా ఉండింటే" అన్నప్పుడు అది అజ్ఞానం కాదు, లెక్క. చెబితే ఫోటో పోదు. ఫోన్ పోతుంది, చదువు పోతుంది, మంచి సంబంధమొకటి వస్తుంది.

ఈ లెక్కను ఏ పట్టికా చూపించలేదు గానీ మా అవ్వ చూపించింది. కాలేజీ చర్చ జరుగుతున్న మూడో రోజు, వక్కాకు నముల్తా, "ఫోటో తీసినోని ఫోన్ ఎవురన్నా గుంజుకున్యారా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. "మరి ఈ పిల్లది ఎందుకు గుంజుకున్యారు?" అంది. అవ్వకు చదువు రాదు. స్త్రీవాదం అన్న మాట కూడా తెలియదు.

ఫోన్ బీరువాలోంచి వెంటనే బయటికి రాలేదు. పది రోజులు పట్టింది. కాలేజీ మానలేదు. గ్రూపులో ఆ ఫోటోను మొదట పెట్టినవాడి తండ్రిని మా చిన్నాన్న పిలిపించి మాట్లాడాడు. 1930కి ఫోన్ చేద్దామని నేనన్నాను. "రచ్చ అయితాది" అన్నారు. నేను ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. అది నా వైఫల్యం, ఒప్పుకుంటున్నాను.

మన కాలేజీల్లో సైబర్ భద్రత సదస్సులు పెడుతున్నారు. మంచిదే. కానీ నేను విన్నవాటిలో చెప్పేది ఇప్పటికీ అపరిచితులతో మాట్లాడవద్దనీ, ఫోటోలు పెట్టవద్దనీ. మా పిల్ల ఏ అపరిచితుడితోనూ మాట్లాడలేదు, ఏ ఫోటో పెట్టలేదు. పుణ్యక్షేత్రంలో స్నానం చేసింది, అంతే. ఆ సదస్సుల్లో మగపిల్లలతో ఏం మాట్లాడుతున్నామో, తల్లిదండ్రులతో ఏం మాట్లాడుతున్నామో చూసుకోవాలి. రేపు మన ప్రాంతంలో మన పరిశోధకులెవరైనా ఇలాంటి సర్వే చేస్తే, "నీకేం జరిగింది, ఎవరికి చెప్పావు" అన్న ప్రశ్నలతో ఆగవద్దని నా విన్నపం. ఇంకొకటి చేర్చండి: "ఎవరికి చెబితే నీ ఫోన్ నీ దగ్గరే ఉంటుంది?"